బధిరవిద్యా చరిత్రము – పాతకాగితముల సాక్ష్యము

క్షరము కానిది అక్షరమని పెద్దలు వ్యుత్పత్తి చెప్పుదురు. నోటిమాట పుట్టినచోటనే గాలిలో కలిసిపోవును. వ్రాసినమాట వ్రాసినవాని తరువాతను నిలుచును. అయినను మన దేశమున విద్యకు చెవియే ప్రధానద్వారముగా నెంచబడినది. వేదమునకు శ్రుతియని పేరు. పండితుని బహుశ్రుతుడందురు. గురుముఖమున విని, విన్నదానిని వల్లించి శిష్యుడు విద్యావంతు డయ్యెడివాడు. ఇట్టి సంప్రదాయమున చెవి వినరానివానికి విద్య లేదనుట సహజముగానే తోచెను. చెవిటివాని ముందు శంఖ మూదినట్లను సామెతయు అట్టి తలంపు కలవారి నోటనే పుట్టియుండును. ఇతరదేశములును ఈ విషయమున మనకంటె మెరుగుగా లేకుండెను.

బధిరునకు విద్య చెప్పవచ్చునని లోకము తెలిసికొని నాలుగు వందల యేండ్లు దాటినది. ఆ సంగతిని మొదట నెవ్వరు కనుగొనిరో, నడుమ నెట్లు మఱుగుపడెనో, తిరిగి యెట్లు వెలికివచ్చెనో తెలుపునవి కొన్ని పాతకాగితములు. ఒక మఠపు మరణముల పుస్తకము, ఒక దానపత్రము, ఒక యుపాధ్యాయుని నోటుపుస్తకము, ఒక కొలువు ఒడంబడిక, ఓడలో వ్రాసిన యొక దినచర్య – ఇట్టివానిలో రాజుల విజయములు లేవు; యుద్ధముల వర్ణనలు లేవు. కాని లక్షలకొలది జనులకు బుద్ధి కలదా లేదా యను వ్యాజ్యెమున ఇవియే దస్తావేజులు. వీనిని వరుసగా పేర్చి చదివినచో ఆ వ్యాజ్యెము నడచిన తీరు తెలియగలదు.

ప్రాచీనుల తలంపు

ఛాందోగ్యోపనిషత్తు ఐదవ అధ్యాయమున నొక కథ కలదు. వాక్కు, చక్షువు, శ్రోత్రము, మనస్సు, ప్రాణము తమలో నేది శ్రేష్ఠమని వాదులాడుకొన్నవి. ఒక్కొక్కటియు శరీరమును విడిచి యేడాదిపాటు వెలుపల నుండి తిరిగి వచ్చును. తాను లేనప్పుడు తక్కినవి యెట్లు బ్రతికినవని వాక్కు అడుగగా, మూగవారు మాటలాడకయే చూచుచు, వినుచు, మనస్సుతో తలపోయుచు జీవించునట్లే తామును జీవించితిమని యవి బదులు చెప్పినవి. శ్రోత్రము తిరిగి వచ్చినప్పుడు బధిరులను దృష్టాంతముగా జూపి యట్టి యుత్తరమే యిచ్చినవి. ప్రాణమే శ్రేష్ఠమనుట ఆ కథకు తాత్పర్యము. అయినను బధిరునకు మనస్సు కలదనియు, వినకపోయినను అది తలపోయుననియు ఆ ఋషి యెఱిగియుండుట దీనివలన స్పష్టము.

ధర్మశాస్త్రమున ఆ యెఱుక నిలువలేదు. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయము పుట్టుగ్రుడ్డివానిని, పుట్టుచెవిటివానిని, మూగవానిని దాయభాగమునకు అనర్హులైనవారిలో చేర్చినది. వారికి అన్నవస్త్రము లిచ్చి పోషింపవలెనని మాత్రము దాయాదులను శాసించినది. పాశ్చాత్యదేశమున జస్టినియను చక్రవర్తి క్రీ.శ. 6వ శతాబ్దిలో క్రోడీకరింపజేసిన రోమను న్యాయశాస్త్రమును పుట్టుకతోనే చెవిటిమూగయైనవానికి వీలునామా వ్రాయు హక్కు లేదన్నది. కాని యందొక సందు కలదు. పుట్టిన తరువాత వినికిడిని మాటను కోల్పోయినవాడు అక్షరములు నేర్చినవాడైనచో, స్వహస్తముతో వ్రాసి తన వ్యవహారములను నడపుకొనవచ్చును. నోరు లేనిచోట చేవ్రాలు పలుకునని ఆ శాసనకర్తలు ఒప్పుకొనిరన్నమాట. పుట్టుచెవిటివానికి ఆ యక్షరమును నేర్పుట యెట్లను ప్రశ్నకు మాత్రము సుమారు వేయి యేండ్లు బదులు రాలేదు.

ఇచ్చట నొక సంగతి చెప్పవలసియున్నది. పుట్టుచెవిటివాడు మూగయగుట సామాన్యముగా నాలుక దోషముచేత గాదు. శిశువు తల్లి మాటను విని మాట నేర్చును; వినని శిశువునకు ఆ దారి మూసికొనిపోవును. ఈ కార్యకారణ సంబంధము తెలియక పూర్వులు మూగతనమును మందబుద్ధిగా నెంచిరి. దాని ఫలితముగా ఎందఱు బుద్ధిమంతులు ఇంటి వసారాలలో పనివారుగా, పసులకాపరులుగా బ్రతుకు వెళ్లబుచ్చిరో ఏ చిట్టాలోను వ్రాయబడలేదు.

స్పెయినులోని మఠపత్రములు

స్పెయిను దేశమున బుర్గోసు నగర ప్రాంతమున ఓన్యా అను చోట బెనెడిక్టు సంప్రదాయపు సన్న్యాసుల మఠ మొకటి యుండెను. మౌనము పాటింపవలసిన వేళలలో చేతి సంజ్ఞలతో పని నడపుకొనుట ఆ సన్న్యాసుల యాచారము. 16వ శతాబ్ది మధ్యమున ఆ మఠములోనుండిన పేద్రో పొన్సే దె లియోను అను సన్న్యాసికి ఫ్రాన్సిస్కో, పేద్రో అను నిద్దరు బధిరబాలురు శిష్యులైరి. వారు వెలాస్కో వంశమువారు. కాస్తీలు రాజ్యమున గొప్ప భూస్వాములు. చెవులతో పని లేకయే చేతులతో మాటలాడు సన్న్యాసుల నడుమ ఆ బాలురకు విద్య యలవడుట ఆశ్చర్యము కాదు. పొన్సే వారికి చదువు, వ్రాత, లెక్క, మాట నేర్పెను.

1578లో పొన్సే యొక ధర్మకార్యమునకై దానపత్రము వ్రాయించెను. అందు తన శిష్యుల సంగతి చెప్పుకొనెను. పుట్టుకతో చెవిటిమూగలైన గొప్పింటి బిడ్డలకు మాటలాడుట, చదువుట, వ్రాయుట, లెక్కించుట తాను నేర్పితిననియు, వారిలో కొందఱు లాటిను, గ్రీకు భాషలను కూడ నేర్చిరనియు అందలి సారాంశము. 1584లో ఆయన మరణింపగా, మఠపు మరణముల పుస్తకమున ఆయన పేరు వ్రాసినవారు, మూగలకు మాట నేర్పుటయందు ఆయన లోకప్రసిద్ధుడని యొక వాక్యము చేర్చిరి. ఒక్క వాక్యమే, కాని దాని విలువ తరువాత తెలియవచ్చెను.

పొన్సే తన పద్ధతిని గ్రంథముగా ప్రకటింపలేదు. 1620లో మాడ్రిడు నగరమున హువాన్ పాబ్లో బొనేతు అను నాతడు అక్షరతత్త్వమును గూర్చియు, మూగలకు మాట నేర్పు కళను గూర్చియు ఒక గ్రంథమును అచ్చువేయించెను. బధిరవిద్యపై లోకమున అచ్చయిన మొదటి గ్రంథమిదియే. ఒక్కొక్క యక్షరమునకు చేతివ్రేళ్లను ఎట్లు నిలుపవలెనో తెలుపు చిత్రఫలకములు అందు కలవు. నేడు ఫ్రాన్సు, అమెరికా దేశముల బధిరులు వాడుచున్న వ్రేళ్ల యక్షరమాలకు ఆ చిత్రములు మూలము. మన వాత్స్యాయనుడు చెప్పిన అరువదినాలుగు కళలలోను అక్షరముష్టికాకథన మనునది యున్నది. అక్షరములను సంకేతించి గూఢముగా సంభాషించుట దాని ప్రయోజనమని వ్యాఖ్యాతలు చెప్పుదురు. అది నాగరకుల వినోదమైనదేగాని బధిరుని పాఠశాలకు సాధనముగా గ్రంథస్థము కాలేదు.

బొనేతు వెలాస్కోవారి కొలువున కార్యదర్శి. ఆ యింటి మఱియొక బధిరబాలుడగు లూయీకి చదువు చెప్పినవాడు మాన్యువల్ రామిరెజ్ దె కార్రియోను అను ఉపాధ్యాయుడు. బొనేతు గ్రంథమున ఆ యుపాధ్యాయుని పేరు లేదు. పొన్సే పేరును లేదు. కార్రియోను తన పద్ధతిని ఇతరులకు చెప్పక దాచుకొన్నవాడగుటచే తన పక్షమున సాక్ష్యము నిలుపుకొనలేకపోయెను. అచ్చువేసినవానికి కీర్తియంతయు దక్కెను.

ఈ జమాఖర్చు సరిపడుటకు నూఱేండ్లకు పైగా పట్టినది. 1753లో ఫెయ్హో అను బెనెడిక్టు పండితుడు ఓన్యా మఠమునందలి పత్రముల నాధారము చేసికొని, ఈ విద్యకు తొలిగురువు పొన్సేయని ప్రకటించెను. 19వ శతాబ్దిలో స్పెయిను ప్రభుత్వము మఠములను మూసివేసినప్పుడు వాని కాగితములు చాలవరకు చెల్లాచెదరైనవి. మిగిలినవానిలో అనేకములు మాడ్రిడులోని జాతీయ చారిత్రక పత్రాగారమును చేరినవి. ఆ కట్టలలోనుండి 1986లో పొన్సే బోధనను గూర్చిన యొక పత్రము వెలికివచ్చెను. ఆయన మరణించి అప్పటికి నాలుగు వందల రెండేండ్లు. కాగితమునకు ఓపిక మెండు. దానిని దాచు చేయి యొకటి కావలెను.

దాచిన విద్య

ఇంగ్లాండులో 17వ శతాబ్దిలో ఇట్టి తగవే యింకొకటి పుట్టెను. అలెగ్జాండరు పోఫము అను పుట్టుచెవిటి బాలునకు మొదట విలియం హోల్డరు అను మతాచార్యుడును, తరువాత ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయ గణితాచార్యుడైన జాన్ వాలిసును పాఠములు చెప్పిరి. బాలుడు మాటలు పలికెను. పలికించినది తానని హోల్డరు, తానని వాలిసు రాయల్ సొసైటీ పండితుల యెదుట వాదించుకొనిరి. ఇద్దరును గతించిరి, వాదము తీరలేదు. 2008లో పోఫము వంశమువారి పూర్వపు నివాసమైన లిటిల్‌కోటు భవనమున ఒక నోటుపుస్తకము దొరికెను. అది ఆ బాలునికై వాలిసు సిద్ధపఱచిన పాఠముల పుస్తకము. ఉచ్చారణము నేర్పిన క్రమము, పదములు, వాక్యముల కూర్పు అందు కన్పట్టుచున్నవి. గురువులు తమ్ముగూర్చి తాము చెప్పుకొన్న మాటలకంటె శిష్యునికొఱకు వ్రాసిన పాఠమే గట్టి సాక్ష్యమైనది.

18వ శతాబ్దిలో ఈ విద్య కొందఱికి జీవనోపాధి యైనది. ఫ్రాన్సులో జాకబ్ రోడ్రిగు పెరేరా అనునాతడు 1749లో తన శిష్యుని విజ్ఞానపరిషత్తు యెదుట నిలిపి మెప్పు పొందెను. కాని పద్ధతి చెప్పలేదు. 1780లో ఆయన మరణింపగా ఆ పద్ధతి చాలవరకు ఆయనతోనే మఱుగుపడెను. స్కాట్లాండులో థామసు బ్రెయిడ్‌వుడ్ 1760 ప్రాంతమున ఎడింబరో నగరమున పాఠశాల పెట్టెను. ఇంగ్లీషు నిఘంటుకర్తయైన శామ్యూల్ జాన్సను 1773లో ఆ పాఠశాలను చూడబోయెను. ఆయన యొక బాలిక పలకపై మూడంకెల సంఖ్యను రెండంకెల సంఖ్యచే గుణింపుమని లెక్క వ్రాసి యిచ్చెను. ఆ బాలిక వ్రేళ్లను కదలించుచు చూచి, స్థానములు తప్పక రెండు వరుసలలో గుణించి చూపెను. వినికిడి లేనివారికి లెక్క రాదనువారికి ఆ పలకయే సమాధానము. జాన్సను ఆ సంగతిని 1775లో అచ్చయిన తన యాత్రాగ్రంథమున వ్రాసెను. బ్రెయిడ్‌వుడ్ మాత్రము తన పద్ధతిని కుటుంబపు ఆస్తిగా దాచుకొనెను. ఆ కుటుంబమువద్ద నేర్చిన యుపాధ్యాయుడు కొన్ని సంవత్సరములపాటు దానిని పరులకు చెప్పనని బాండు వ్రాసి యీయవలసి వచ్చెడిది. జీతమియ్యలేని బీదబిడ్డ యా గుమ్మము త్రొక్కుటకు వీలు లేకుండెను.

తలుపులు తెఱచిన గురువు

పారిసు నగరమున అబ్బే ద లెపే అను మతాచార్యుడు 1760 ప్రాంతమున ఇద్దరు బధిర సోదరీమణులకు చదువు చెప్ప మొదలిడెను. ఆయన 1712లో జన్మించినవాడు. తనకున్న ఆదాయమును వెచ్చించి, జీతము పుచ్చుకొనక, తన యింటనే పాఠశాల నడపెను. బీదబిడ్డలు వచ్చిరి. వారు తమలో తాము చేయు సంజ్ఞలను చూచి, వినికిడి గలవారికి మాట యెట్లో వీరికి ఇవి యట్లని గ్రహించి, ఆ సంజ్ఞల ద్వారముననే అక్షరములు నేర్పెను. ఫ్రెంచి వ్యాకరణమునకు సరిపోవునట్లు కొన్ని కృత్రిమసంజ్ఞలను కల్పించుట ఆయన పద్ధతిలోని బరువు. తరువాతివారు ఆ బరువును క్రమముగా దించివేసిరి.

ఆయన చేసిన గొప్పపని వేఱొకటి. తన పద్ధతిని దాచలేదు. పాఠములను జనులెదుట జరిపెను. 1776లో గ్రంథముగా ప్రకటించి, దానిని సవరించి 1784లో మరల ప్రకటించెను. ఇతరదేశములనుండి నేర్వవచ్చిన యుపాధ్యాయులకు ఉచితముగా నేర్పెను. ఆస్ట్రియా చక్రవర్తి రెండవ జోసెపు పారిసు వచ్చి పాఠశాలను చూచి, తన దేశమునుండి యొక మతాచార్యుని పంపి నేర్పింపగా 1779లో వియన్నా నగరమున పాఠశాల వెలసెను. జర్మనీలో లైప్‌జిగు పాఠశాలను 1778లో స్థాపించిన శామ్యూల్ హైనికె నోటిమాటయే ముఖ్యమని ఎపేతో లేఖావాదము సాగించెను. ఆ లేఖలును నిలిచియున్నవి. సంజ్ఞా, వాక్కా యను నూఱేండ్ల తగవునకు అవి మొదటి దస్తావేజులు. 1789లో ఎపే మరణించెను. 1791లో ఫ్రెంచి జాతీయసభ ఆ పాఠశాలను ప్రభుత్వ పోషణక్రిందికి తెచ్చెను.

ఈ కాలపు కాగితములలో అన్నిటికంటె విలువైనది గురువు వ్రాసినది కాదు. పియరు దెలోజు అను పారిసు వాసి యొకడు ఏడేండ్ల ప్రాయమున మశూచికము సోకి వినికిడి పోగొట్టుకొనెను. పుస్తకములు కుట్టి అట్టలు వేయుట ఆతని వృత్తి. 1779లో ఆతడొక చిన్నపుస్తకమును ప్రకటించెను. బధిరుడు స్వయముగా వ్రాసి అచ్చువేయించిన తొలిగ్రంథ మదియే యందురు. పాఠశాల మెట్టు ఎక్కని పారిసు బధిరులు కూడ తమలో తాము సంజ్ఞలతో సకలవిషయములను ముచ్చటించుకొందురనియు, ఆ భాషను ఏ గురువును కల్పింపలేదనియు ఆతడు సాక్ష్యమిచ్చెను. అదివరకు బధిరులను గూర్చి యితరులు వ్రాయుచుండిరి. ఇప్పుడు పరుల పుస్తకములకు అట్టలు వేయు బధిరుడు తన పుస్తకము తాను వ్రాసెను.

ఒడంబడికయు ఓడ దినచర్యయు

అమెరికాలో కనెక్టికటు రాష్ట్రమున మేసను కాగ్‌స్వెలు అను శస్త్రవైద్యునికి ఆలీసు అను బధిరబాలిక కలదు. ఒక్క బిడ్డకై పాఠశాల పుట్టదు. కావున 1812లో అక్కడి చర్చి గురువులచేత తమ తమ యూళ్లలోని బధిరులను లెక్కింపగా ఆ రాష్ట్రమున 84 మంది తేలిరి. ఆ అంకె చూచి పెద్దలు చందా పోగుచేసి, థామసు హాప్కిన్సు గాలాడెటు అను యువకుని 1815లో ఐరోపా ఖండమునకు పంపిరి.

ఆయన మొదట ఇంగ్లాండునకు పోయెను. బ్రెయిడ్‌వుడ్ కుటుంబపు రహస్యము ఆయనకు అడ్డు నిలిచెను. ఏండ్లకొలది సహాయకుడుగా పనిచేసినగాని నేర్పమనిరి. ఆ సమయముననే ఎపే తరువాత పారిసు పాఠశాలకు అధిపతియైన సికారు తన బధిరశిష్యులతో లండను వచ్చియుండెను. గాలాడెటు వారి సభకు పోయి, ఆహ్వానము పొంది, పారిసు చేరి నెలల తరబడి నేర్చెను. తిరిగి పోవునప్పుడు లారెంటు క్లెర్కు అను బధిరోపాధ్యాయుని తనతో పిలిచికొని పోయెను.

క్లెర్కు 1785లో జన్మించెను. పసితనమున నిప్పులో పడుటచే చెంపపై మచ్చ యేర్పడెను. ఆ మచ్చను సూచించు సంజ్ఞయే బధిరులలో ఆయన పేరు. వారిద్దరి నడుమ 1816 జూను నెలలో వ్రాసికొనిన ఒడంబడిక నేటికిని కలదు. కాలము మూడేండ్లు, జీతము ఏటికి 2,500 ఫ్రాంకులు. క్లెర్కు కాథలిక్కు, గాలాడెటు ప్రొటెస్టెంటు. కావున తన మతమునకు విరుద్ధమైనదానిని క్లెర్కు బోధింప నక్కఱలేదని యందొక షరతు. బధిరుని యోగ్యతకు ఇంతకంటె నిదర్శనమేమి? వెనుకటి న్యాయశాస్త్రము ఎవనికి చేవ్రాలు లేదన్నదో వాడు తన షరతులు వ్రాయించి, చదువుకొని, స్వహస్తముతో సంతకము చేసి సముద్రము దాటుచున్నాడు.

ఆ ప్రయాణమునకు 52 దినములు పట్టినది. ఓడలో గాలాడెటు క్లెర్కునకు ఇంగ్లీషును, క్లెర్కు గాలాడెటునకు సంజ్ఞాభాషను నేర్పిరి. క్లెర్కు ఇంగ్లీషు అలవడుటకై దినచర్య వ్రాయుచుండెను. 1817 ఏప్రిలు 15వ తేదీన హార్ట్‌ఫర్డు పట్టణమున పాఠశాల తెఱువబడెను. అందు చదివిన బధిరులు తామే యుపాధ్యాయులై ఇతర రాష్ట్రములకు పోయిరి. ఫ్రెంచి సంజ్ఞలును స్థానిక సంజ్ఞలును కలిసి అమెరికా సంజ్ఞాభాష రూపొందెను. 1864లో లింకను అధ్యక్షుడు చేవ్రాలు చేసిన శాసనముచే వాషింగ్టనులో బధిరులకు కళాశాల పట్టములిచ్చు నధికారము పొందెను. అదియే నేటి గాలాడెటు విశ్వవిద్యాలయము. క్లెర్కు కాగితములు యేలు విశ్వవిద్యాలయమునను, గాలాడెటు కుటుంబపు కాగితములు వాషింగ్టనులోని కాంగ్రెసు గ్రంథాలయమునను భద్రముగా నున్నవి.

మిలాను తీర్మానము

1880లో ఇటలీలోని మిలాను నగరమున బధిరోపాధ్యాయుల అంతర్జాతీయ మహాసభ జరిగెను. 164 మంది ప్రతినిధులలో బధిరు డొక్కడే. సంజ్ఞలకంటె నోటిమాటయే శ్రేష్ఠమనియు, బోధన యంతయు నోటిమాటతోనే సాగవలెననియు సభ అత్యధికసంఖ్యతో తీర్మానించెను. దాని ఫలితముగా అనేక దేశముల పాఠశాలలలో సంజ్ఞలు నిషేధింపబడినవి. పెదవుల కదలికను చూచి గ్రహింపవలెననియు, తాము వినలేని ధ్వనులను పలుకవలెననియు పిల్లలను నిర్బంధించిరి. బధిరులైన యుపాధ్యాయులు కొలువులు పోగొట్టుకొనిరి. వినికిడి కొంత మిగిలిన పిల్లలకు నోటిమాట యుపకరించినమాట నిజము. పుట్టుచెవిటి పిల్లలలో పెక్కుమందికి ఆ యేండ్లు మాటయు రాక, విషయజ్ఞానమును లేక గడచిపోయినవి.

విచిత్రమేమనగా, అంతకు ఎనిమిదేండ్ల ముందే మన దేశపు చట్టము ఈ ప్రశ్నను వేఱుగా తేల్చినది. 1872 నాటి సాక్ష్యచట్టము 119వ సెక్షను ప్రకారము మాటలాడలేని సాక్షి వ్రాతతోగాని సంజ్ఞలతోగాని బహిరంగముగా సాక్ష్యమియ్యవచ్చును. అది నోటిసాక్ష్యముతో సమానము. 2024లో ఆ చట్టము స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమునందును ఆ సూత్రము నిలిచియున్నది. కోర్టులో వాక్కుగా చెల్లిన సంజ్ఞ మిలానులో వాక్కు కాకపోయెను. కోర్టు సాక్షిని పిలిచి అడుగును. మిలాను సభ అడుగవలసినవారిని పిలువలేదు.

టెలిఫోనును కనిపెట్టిన అలెగ్జాండరు గ్రాహంబెలు తల్లియు భార్యయు బధిరులు. ఆయన నోటిమాట పక్షమున ప్రముఖుడు. అయినను 1887లో ఆయన స్థాపించిన వోల్టా సంస్థ బధిరులను గూర్చిన గ్రంథములను, పత్రములను విశేషముగా ప్రోగుచేసెను. సంజ్ఞాపక్షమువారికిని ఆ భాండారము నేడు ఉపకరించుచున్నది. ఇక సంజ్ఞ కాగితముపై నిలుచునది కాదు. అందుచే అమెరికా బధిరసంఘమువారు చలనచిత్రముల నాశ్రయించిరి. జార్జి వెడిట్జు అను బధిరనాయకుడు 1913లో తన భాషను కాపాడుకొనవలెనని సంజ్ఞలతో చేసిన యుపన్యాసము చలనచిత్రముగా నేటికిని కన్పట్టుచున్నది. 1960లో విలియం స్టోకీ అను ఆచార్యుడు అమెరికా సంజ్ఞాభాషకు సొంత నిర్మాణము కలదని శాస్త్రరీతిని నిరూపించెను. 2010లో వాంకూవరు నగరమున సమావేశమైన బధిరవిద్యా మహాసభ మిలాను తీర్మానములను నిరాకరించి, వానివలన కలిగిన నష్టమునకు విచారము తెలిపెను. తప్పు దిద్దుకొనుటకు 130 ఏండ్లు పట్టినది.

మన దేశమున

మన దేశమున 1885లో బొంబాయిలోను, 1893లో కలకత్తాలోను, 1897లో తిరునల్వేలి దగ్గఱ పాళయంకోటలోను బధిర పాఠశాలలు వెలసినవి. కలకత్తా పాఠశాలను నడపిన యామినీనాథ బెనర్జీ ఇంగ్లాండులోను, అమెరికాలో గాలాడెటు కళాశాలయందును తర్ఫీదు పొంది వచ్చెను. పాళయంకోట పాఠశాల ఫ్లోరెన్సు స్వెయిన్సను అను మిషనరీ వనిత స్థాపించినది.

1881 మొదలు 1931 వఱకు జరిగిన జనాభా లెక్కలలో చెవిటిమూగలకు ప్రత్యేకముగా గడి యుండెడిది. గ్రామోద్యోగులే అనేకచోట్ల గణకులై ఇంటింట దిరిగి ఆ గడిని నింపిరి. అంకె ప్రభుత్వమునకు చేరినది. ఆ మనుజుని మాట మాత్రము ఏ గడిలోను పట్టలేదు. 2011 లెక్కలలో వినికిడి లోపము గలవారు దేశమున సుమారు 50 లక్షలుగా తేలిరి.

ఆస్తిహక్కు విషయమున 1928 నాటి హిందూ వారసత్వ అనర్హతా నివారణ చట్టము బధిరుల యనర్హతను తొలగించెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 28వ సెక్షను ఏ వ్యాధిచేతగాని అంగలోపముచేతగాని వారసత్వము పోదని స్పష్టపఱచెను. స్మృతికాలమునుండి వచ్చిన యడ్డు అంతటితో తొలగెను. అయినను చదువు లేనివాని హక్కు కాగితముననే యుండును. వ్రేలిముద్ర వేయు బధిరునకు ఆ పత్రమున నేమున్నదో చెప్పువా డెవడు?

1983లో బొంబాయిలో స్థాపితమైన జాతీయ శ్రవణ వైకల్య సంస్థకు హైదరాబాదు వాస్తవ్యుడును, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా పనిచేసినవాడునగు అలీ యావర్ జంగు పేరు పెట్టబడినది. దాని ప్రాంతీయశాఖ సికింద్రాబాదున కలదు. 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞాభాషకు ప్రత్యేక కేంద్రము వెలసినది. 2018లో ఆ కేంద్రము 3,000 పదముల నిఘంటువును వెలువరించి, 2021 నాటికి దానిని 10,000 పదములకు పెంచినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సంజ్ఞాభాషను భావప్రకటన సాధనములలో నొకటిగా పేర్కొన్నది. పొన్సే దానపత్రమునుండి ఈ నిఘంటువు వఱకు త్రోవ యొక్కటే. దాని పొడవు నాలుగు వందల నలుబదేండ్లు.

గ్రంథాలయమునకు చెందిన సంగతి

ఈ చరిత్రమున రెండు తెగల గురువులు కన్పట్టుదురు. కార్రియోను, పెరేరా, బ్రెయిడ్‌వుడ్‌లు సమర్థులే. ఒక్కొక్క శిష్యుని అద్భుతముగా తీర్చిరి. కాని వారి విద్య పెట్టెలో నుండి పెట్టెతోనే పోయెను. ఎపే విద్య సంపూర్ణము గాదు. అయినను తలుపు తెఱచియుంచి, వ్రాసి పంచుటచే ఖండములు దాటెను. గ్రామ గ్రంథాలయము ఎపే తెగకు చెందినది. జీతము లేక, జాతిభేదము లేక, వచ్చినవానికి పుస్తకము చేతికిచ్చుటయే దాని ధర్మము.

ఆ ధర్మమున బధిరునకు విశేషభాగ మున్నది. పురాణకాలక్షేపము, హరికథ, బుఱ్ఱకథ, ఉపన్యాసము – గ్రామమున విజ్ఞానము పంచు సాధనములలో పెక్కు చెవిని ఆశ్రయించినవే. చెవితో నిమిత్తము లేక మనుజునితో మాటలాడునది పుస్తకము. చదువ నేర్చిన బధిరునకు గ్రంథాలయమున కొఱత లేదు. అచ్చట అందఱును మౌనముగానే కూర్చుందురు. ఊరిలో వినికిడి లేని బిడ్డ యున్నచో, ఆ బిడ్డను ఆలస్యము లేక పాఠశాలకు పంపవలెనని తల్లిదండ్రులకు తెలుపుట, బొమ్మల పుస్తకములను తెప్పించి యుంచుట, సంజ్ఞాభాషా నిఘంటువును చూపించుట గ్రంథాలయ నిర్వాహకులకు సాధ్యమైన పనులే.

మఱియొక పనియు కలదు. మఠపు పుస్తకములోని యొక వాక్యము, పాతభవనములోని యొక నోటుపుస్తకము ఎంతటి తగవులను తీర్చినవో పైన చూచితిమి. ఆ వాక్యము వ్రాసినవారును, ఆ పుస్తకమును పాఱవేయక యుంచినవారును దాని విలువ తెలిసి చేసినవారు కారు. ప్రతి గ్రామమునను పాత వీథిబడుల హాజరుపట్టీలు, పంతుళ్ల లేఖలు, తాటాకు కట్టలు అటుకలమీద చెదలకు ఆహారమగుచున్నవి. వానిలో ఏ పేరులేని గురువు కథ యున్నదో చదివినగాని తెలియదు. వానిని తెచ్చి, దుమ్ము దులిపి, పట్టిక వ్రాసి భద్రపఱచుటకు ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయముకంటె తగిన స్థలము వేఱొకటి లేదు. ఆ భాండారమును పెంచుచు, చెవి గలవానికిని లేనివానికిని సమముగా తలుపు తెఱచియుంచుచు, ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును జరుపుకొనుగాక!